తెర తిప్పే ముందు తిరుగుదారి

రాత్రి పదకొండున్నర. మా ఊరి హైస్కూలు స్వర్ణోత్సవ సంచిక తెల్లారేసరికి ప్రెస్సుకు చేరాలి. 84 పేజీలు. పూర్వ విద్యార్థుల్లో కాస్త తిన్నగా తెలుగు రాసేవాణ్ణని ప్రూఫులు దిద్దే పని నా నెత్తిన పెట్టారు. నిలువు పేజీని అడ్డం తెర మీద చదవడం ఎంత విసుగో ఆ రాత్రే తెలిసింది. ఎడమ కాలమ్ కోసం కిందికి జరపాలి, కుడి కాలమ్ కోసం మళ్లీ పైకి లాగాలి. ముప్పయ్యో పేజీ దగ్గరికొచ్చేసరికి ఏ పేరా చదివానో, ఏది దాటేశానో నాకే తెలియలేదు.

నాది లినక్స్ ల్యాప్‌టాప్. ఒక్క ఆదేశంతో తెరను పక్కకు తిప్పేయొచ్చని ఎవరో చెబితే ఎప్పుడో ఒక చీటీ మీద రాసి పెట్టుకున్నాను. ఆ చీటీ వెతికి పట్టుకున్నాను. టెర్మినల్ తెరిచి కొట్టాను. తెర ఒక్కసారి నల్లబడి, మరుక్షణంలో పక్కకు ఒరిగి పడుకుంది. భలే అనుకున్నాను.

ఆ సంబరం అర నిమిషమే. టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి కదిపితే బాణం గుర్తు పక్కకు పోతోంది. పక్కకు కదిపితే కిందికి జారుతోంది. ఒకటి తెరవబోతే ఇంకోటి తెరుచుకుంటోంది. మెడ వంచి చూశాను. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తిప్పి చూశాను. మళ్లీ మామూలుగా చేసే ఆదేశం ఆ చీటీ మీద లేదు. చివరికి చేయకూడని పని చేశాను. పవర్ బటన్ అదిమి పట్టాను. మళ్లీ ఆన్ చేస్తే తెర తిన్నగానే ఉంది. పీడీఎఫ్‌లో పెట్టుకుంటూ వచ్చిన దిద్దుబాట్లు మాత్రం లేవు. సేవ్ చేయలేదు మరి. ముప్పై పేజీల శ్రమ నీళ్లపాలైంది.

మర్నాడు మా అన్నయ్య కూతురితో ఈ గోడు వెళ్లబోసుకుంటే ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది.

“బాబాయ్, కీబోర్డు మీద పైకి చూపించే బాణం మీట నొక్కితే నువ్వు కొట్టిన ఆదేశమే మళ్లీ వచ్చేది. చివరి మాట చెరిపేసి నార్మల్ అని కొడితే సరిపోయేది. అయినా వెనక్కొచ్చే ముక్క రాసుకోకుండా ముందు ముక్క ఎట్లా కొట్టావు?”

తెర తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. ఈ అధ్యాయం చదివేలోపు మీకూ వచ్చేస్తుంది. ఆ పిల్ల అడిగిన ప్రశ్న మాత్రం ల్యాప్‌టాప్ మూసేశాక కూడా మనతో ఉండాల్సిన ప్రశ్న.

మోకు ముందు, చెట్టు తర్వాత

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి దగ్గర నుంచి చూశారా? చెట్టు మొదట్లో నిలబడి ముందు మోకు చూసుకుంటాడు. పురి ఎక్కడైనా సడలిందేమోనని చేత్తో తడుముతాడు. ఆ తర్వాతే కాలు పైకి పెడతాడు. చిటారుకొనన చేతులు రెండూ వదిలి పని చేసుకోగలుగుతున్నాడంటే అది మొండి ధైర్యం కాదు, మోకు ఇచ్చిన ధైర్యం.

కొత్తది నేర్చుకోవడంలో చాలామంది రెండు గుంపులుగా చీలిపోతారు. ఒక గుంపు మోకు లేకుండా చెట్టెక్కి, జారిపడి, “నాకిది అచ్చిరాదు” అని లేస్తారు. రెండో గుంపు పడతామేమోనన్న భయంతో చెట్టు మొదట్లోనే ఆగిపోతారు. కంప్యూటర్ దగ్గర “ఏది నొక్కితే ఏమవుతుందో” అని చేతులు కట్టుకునే పెద్దలంతా ఈ రెండో గుంపే. తెలివితక్కువై ఆగిపోయినవాళ్లు కారు వీళ్లు. తిరుగుదారి ఎవరూ చూపించలేదు, అంతే.

తెర తిప్పడం ఈ అలవాటు నేర్చుకోవడానికి చక్కటి సాధన. ఫైళ్లు సేవ్ చేసుకుంటే నష్టం ఏమీ ఉండదు, కంగారు మాత్రం నిజంగానే పుడుతుంది. ఆ కంగారులో మన బుర్ర ఎలా పనిచేస్తుందో మనమే చూసుకోవచ్చు.

అసలు ఎందుకు తిప్పాలి?

తాటాకు అడ్డంగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి మన తాళపత్రాల్లో పంక్తులు అడ్డంగా సాగాయి. కాగితం వచ్చాక పేజీ నిలువుగా నిలబడింది. కంప్యూటర్ తెరలన్నీ మొదటి నుంచీ అడ్డం కావు. 1973లో జిరాక్స్ సంస్థ వాళ్ల పార్క్ పరిశోధనాలయంలో తయారైన ఆల్టో యంత్రం తెర నిలువుగానే ఉండేది. వెడల్పులో 606, ఎత్తులో 808 చుక్కలు. కాగితం మీద ఎలా ఉంటుందో తెర మీదా అలాగే కనిపించాలన్నది దాన్ని తయారు చేసినవాళ్ల ఆలోచన. ఇవాళ్టి ల్యాప్‌టాప్ తెరలు సినిమా చూడ్డానికి వీలుగా అడ్డంగా సాగాయి. మన ఆఫీసు ఉత్తర్వులు, పరీక్ష పత్రాలు, పత్రికల పేజీలు మాత్రం నిలువుగానే ఉండిపోయాయి.

లెక్క వేసి చూద్దాం. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పు దాదాపు 34.5 సెంటీమీటర్లు, ఎత్తు 19.4. ఏ4 కాగితం వెడల్పు 21, ఎత్తు 29.7. పేజీ మొత్తం ఒకేసారి కనపడాలంటే అడ్డం తెర మీద దాన్ని అసలు సైజులో 65 శాతానికి కుదించాలి. పైనా కిందా మెనూ పట్టీలు తినేసేది పోతే ఇంకా తక్కువే. అదే తెరను నిలువుగా పెడితే 92 శాతం సైజులో పేజీ మొత్తం కళ్లముందు నిలబడుతుంది. ఒత్తులూ, గుడులూ, కొమ్ములూ పైకీ కిందికీ పేర్చుకునే తెలుగు లిపికి ఈ తేడా చిన్నది కాదు. 65 శాతం సైజులో కొట్టుకుపోయే ఒత్తు 92 శాతంలో దొరుకుతుంది. ప్రూఫులు దిద్దేవాళ్లకూ, పొడుగాటి ప్రోగ్రాములు రాసేవాళ్లకూ, పీడీఎఫ్ పాఠ్యపుస్తకాలు చదివే విద్యార్థులకూ ఇది రోజూ పనికొచ్చే ఉపాయం.

తెరను పూర్తిగా తలకిందులు చేయడం కూడా కొన్నిచోట్ల పనికొస్తుంది. తెర వెనక్కి మడిచి గుడారంలా నిలబెట్టే ల్యాప్‌టాప్‌లలో బల్లకు అవతల కూర్చున్న మనిషికి లెక్కో, బొమ్మో చూపించాలంటే ఇదే దారి.

తిరిగేది తెర కాదు, బొమ్మ

తెర మీద చుక్కల వరసలు ఫ్యాక్టరీలో ఎలా పేర్చారో ఎప్పటికీ అలాగే ఉంటాయి. తిరిగేది వాటి మీద గీసే బొమ్మ. వెడల్పు 1920, ఎత్తు 1080 చుక్కలున్న తెరను పక్కకు తిప్పమంటే డెస్క్‌టాప్ వ్యవస్థ తన కాన్వాసును 1080 వెడల్పు, 1920 ఎత్తుగా మార్చుకుని, గీసిన బొమ్మను 90 డిగ్రీలు తిప్పి తెరకు పంపుతుంది. ఇంతే కిటుకు. హార్డ్‌వేర్‌లో ఏదీ మారదు కాబట్టి ఏదీ పాడవదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సగం భయం పోతుంది.

లినక్స్‌లో ఈ సౌకర్యానికి ఒక చరిత్ర ఉంది. తెర మీద కిటికీలు గీసే ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎమ్‌ఐటీలో మొదలైంది. బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ దాని తొలి కర్తలు. అదే గెటిస్, కీత్ ప్యాకర్డ్‌తో కలిసి, నడుస్తున్న తెర సైజు మార్చడానికీ తిప్పడానికీ ఒక పొడిగింపును రూపొందించి 2001లో ఒక సాంకేతిక సదస్సులో వివరించాడు. దాని పేరు ర్యాండార్. రీసైజ్, రొటేట్ అనే రెండు మాటల్ని కుదించి కట్టిన పేరు. తర్వాత గెటిస్ పిల్లలకు చవక ల్యాప్‌టాప్‌లు అందించే వన్ ల్యాప్‌టాప్ పర్ చైల్డ్ సంస్థలో సాఫ్ట్‌వేర్ పని చూశాడు. 2007లో వచ్చిన ఆ ఎక్స్‌ఓ ల్యాప్‌టాప్‌కు తెర అంచులోనే ఒక బటన్ పెట్టారు. తెర మడిచి పుస్తకంలా పట్టుకుని ఆ బటన్ నొక్కితే బొమ్మ తిరిగేది. నొక్కుతూ పోతే మళ్లీ మొదటికే వచ్చేది. వెళ్లే దారీ వచ్చే దారీ ఒకే బటన్‌లో. పిల్లల కోసం చేసినవాళ్లు తిరుగుదారిని మరిచిపోలేదు.

ముందు నాలుగు తిరుగుదారులు

తిప్పడం తర్వాత చెబుతాను. ఈ నాలుగూ ముందు ఒక చీటీ మీద రాసుకోండి. చీటీ కాగితానిదే కావాలి. తెర తలకిందులయ్యాక తెరలో దాచిన నోట్సు పనికిరాదు.

ఒకటి, ఊరుకోవడం. సెట్టింగ్స్ ద్వారా తెర తిప్పినప్పుడు “ఈ మార్పు ఉంచమంటారా?” అని ఒక పెట్టె అడుగుతుంది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో 20 సెకన్ల పాటు మీరు ఏమీ అనకపోతే తెర దానంతట అదే పాత స్థితికి వచ్చేస్తుంది. కంగారులో ఎంటర్ మీద చెయ్యి పడకుండా చూసుకోండి. చేతులు ఒళ్లో పెట్టుకుని ఇరవై అంకెలు లెక్కపెట్టండి.

రెండు, ల్యాప్‌టాప్‌నే తిప్పడం. తెర ఎటు వాలిందో దాన్నిబట్టి ల్యాప్‌టాప్‌ను పక్కకు నిలబెడితే బొమ్మ మీకు తిన్నగా కనిపిస్తుంది. ఒక యూఎస్‌బీ మౌస్ తగిలించండి. మౌస్ బల్ల మీదే ఉంటుంది కాబట్టి పైకి జరిపితే పైకే పోతుంది. నాలా టచ్‌ప్యాడ్‌తో కుస్తీ పట్టొద్దు. మౌస్‌తో తాపీగా సెట్టింగ్స్‌కు వెళ్లి సరిచేసుకోండి.

మూడు, ఆదేశం. మీ డెస్క్‌టాప్ పాత ఎక్స్ పద్ధతిలో నడుస్తుంటే ఇది అక్కరకొస్తుంది. ఉబుంటు, మింట్ అనే లినక్స్ రకాల్లో కంట్రోల్, ఆల్ట్, టీ మీటలు కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. అందులో కొట్టాల్సిన ఆదేశం పేరు ఆరు ఇంగ్లిష్ చిన్నక్షరాలు: ఎక్స్, ఆర్, ఏ, ఎన్, డీ, ఆర్. తర్వాత ఒక ఖాళీ, ఒక హైఫన్, దానికి ఆనుకుని ‘ఓ’ అనే చిన్నక్షరం, మళ్లీ ఒక ఖాళీ, నార్మల్ అనే మాట ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో. చివర ఎంటర్. కళ్లు మూసుకుని కూడా కొట్టగలిగేంత చిన్నది. ల్యాప్‌టాప్‌కు వేరే మానిటర్ తగిలించి లేనప్పుడు ఇది చాలు.

నాలుగు, లాగౌట్. ఈ ఆదేశంతో చేసిన మార్పు ఆ కూర్చున్న పూట వరకే. లాగౌట్ అయి మళ్లీ వస్తే తెర తిన్నగా ఉంటుంది. నేను పవర్ బటన్ అదమాల్సిన అవసరమే లేదన్నమాట. గ్నోమ్ సెట్టింగ్స్‌లో మార్చి “ఉంచు” అని ఒప్పుకున్న మార్పు మాత్రం నిలిచిపోతుంది. అది హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో, మానిటర్స్ అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో ఉంటుంది. మరీ మొండికేస్తే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాలు మాత్రమే ఉండే నల్ల తెర వస్తుంది. డెస్క్‌టాప్‌లో తిప్పిన తిప్పుడు దానికి అంటదు. అక్కడ లాగిన్ అయి ఆ ఫైలు పేరు మార్చి రీబూట్ చేస్తే సరి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనపడవు, బెదరకండి.

ఇప్పుడు తిప్పుదాం

తెరిచి ఉన్న ఫైళ్లన్నీ ముందు సేవ్ చేయండి. నా ముప్పై పేజీలు గుర్తుంచుకోండి.

తర్వాత మీ డెస్క్‌టాప్ ఏ పద్ధతిలో నడుస్తోందో చూసుకోండి. ఎక్స్ స్థానంలో వేల్యాండ్ అనే కొత్త పద్ధతిని క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ 2008లో మొదలుపెట్టాడు. ఫెడోరా 2016 నుంచి, ఉబుంటు 2021 నుంచి దాన్నే ముందు వరసలో పెట్టాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాలు చూపే పేజీలో విండోయింగ్ సిస్టమ్ అనే చోట వేల్యాండ్ అనో, ఎక్స్11 (పాత ఎక్స్ పద్ధతి) అనో కనపడుతుంది. వేల్యాండ్ ఉంటే ఇందాకటి ఆరు అక్షరాల ఆదేశం తెరను తిప్పదు. పనిచేయలేదని మీ మీద మీరు కోప్పడకండి. తాళం మారింది, తాళంచెవి మారాలి.

అన్నిటికన్నా సులువైన దారి సెట్టింగ్స్. గ్నోమ్ వాడేవాళ్లు డిస్‌ప్లేస్ పేజీలో ఓరియంటేషన్ దగ్గర ల్యాండ్‌స్కేప్ బదులు పోర్ట్రెయిట్ లెఫ్ట్ లేదా రైట్ ఎంచుకుని అప్లై నొక్కాలి. కేడీఈలో డిస్‌ప్లే కాన్ఫిగరేషన్‌లోనూ, మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈలలో డిస్‌ప్లే కిటికీలో రొటేషన్ దగ్గరా ఇదే పని చేయొచ్చు. ఎక్స్11 మీద ఆదేశంతో చేయాలనుకుంటే ఇందాకటి వాక్యంలో నార్మల్ బదులు లెఫ్ట్, రైట్, ఇన్వర్టెడ్‌లలో ఒకటి కొట్టాలి. అంటే వరసగా ఎడమకు, కుడికి, తలకిందులుగా.

ఎడమకా, కుడికా? ల్యాప్‌టాప్‌ను పుస్తకంలా నిలబెట్టి చదవాలనుకుంటే ఇది ముందే తేల్చుకోండి. ఆదేశంలో లెఫ్ట్ అంటే బొమ్మ గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. అప్పుడు కీబోర్డు మీ ఎడమ చేతి వైపు, తెర కుడి వైపు ఉండేలా నిలబెట్టాలి. బల్ల మీద ఆనేది ల్యాప్‌టాప్ కుడి అంచు. రైట్ అంటే అంతా అటుదిటు. కాబట్టి చార్జర్ పిన్నూ, వేడిగాలి వదిలే కంతలూ ఏ అంచున ఉన్నాయో చూసి, అవి లేని అంచు కింద ఆనేలా ఎంచుకోండి. పిన్ను మీద బరువు పడితే సాకెట్ పోతుంది. కంతలు మూసుకుపోతే ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది.

ఇక మా పిల్ల నేర్పిన కిటుకు. ఎక్స్11 వాడేవాళ్లు మూడు ఆదేశాల్ని ఒకే వరసలో, మధ్యలో సెమికోలన్ పెట్టి రాయొచ్చు. మొదటిది తెరను ఎడమకు తిప్పే ఆదేశం. రెండోది స్లీప్ అనే మాట, ఒక ఖాళీ, 15 అంకె. మూడోది తెరను నార్మల్ చేసే ఆదేశం. ఎంటర్ కొడితే తెర తిరుగుతుంది, 15 సెకన్లు ఆగుతుంది, దానంతట అదే తిన్నగా వచ్చేస్తుంది. మోకు కట్టుకుని చెట్టెక్కడమంటే ఇదే. మార్పుతో పాటే దాని విరుగుడును కూడా ఒకే వాక్యంలో కలిపి రాయడం.

తిప్పాక వచ్చే చిక్కులు

తెర తిరిగినా టచ్‌ప్యాడ్‌కు ఆ సంగతి తెలియదు. ల్యాప్‌టాప్ మామూలుగా ఉన్నా, పుస్తకంలా నిలబెట్టినా వేలు ఒక వైపు, బాణం ఇంకో వైపు పోతాయి. నిలువు తెరతో రోజూ పనిచేయాలంటే విడిగా కీబోర్డు, మౌస్ పెట్టుకోవడమే సుఖం. తాకే తెర అయితే వేల్యాండ్‌లో స్పర్శ కూడా బొమ్మతో పాటే తిరుగుతుంది. ఎక్స్11లో ఒక్కోసారి ఎక్స్‌ఇన్‌పుట్ అనే ఇంకో ఆదేశంతో దానికి విడిగా చెప్పాల్సి వస్తుంది.

అక్షరాల అంచుల్లో ఎర్రగానో, నీలంగానో జీర కనిపిస్తే కంగారు పడకండి. మామూలు తెరలో ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు పక్కపక్కన ఉంటాయి. అక్షరాలు నునుపుగా కనపడ్డానికి కొన్ని వ్యవస్థలు ఆ వరసను వాడుకుంటాయి. తెర నిలువైతే గీతలు ఒకదాని కింద ఒకటి వస్తాయి, లెక్క తప్పుతుంది. ఫాంట్ల సెట్టింగ్స్‌లో సబ్‌పిక్సెల్ బదులు గ్రేస్కేల్ పెడితే జీర పోతుంది. చవక రకం తెరల్లో ఒక పక్క నుంచి చూస్తే రంగు మసకబారడం కూడా ఉంటుంది. అది తెర స్వభావం, ఏ సెట్టింగూ మార్చలేదు. అలాంటి తెరను ఎడమకూ కుడికీ తిప్పి చూసి, కళ్లకు హాయిగా ఉన్న వైపే ఉంచుకోండి.

మడిచే ల్యాప్‌టాప్‌ల గోల వేరు. వాటిలో ఫోనులో ఉన్నట్టే కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. మంచం మీద పడుకుని చదువుతూ పక్కకు తిరిగితే తెర కూడా తిరిగిపోతుంది. గ్నోమ్‌లో సూపర్ మీట, ‘ఓ’ అనే ఇంగ్లిష్ అక్షరం కలిపి నొక్కితే ఆ ఆట కట్టు. సూపర్ అంటే మనం విండోస్ మీట అని పిలిచేదే. మళ్లీ నొక్కితే మళ్లీ మొదలు.

తెర బయట

ఆ స్వర్ణోత్సవ రాత్రి తర్వాత నాకొక అలవాటైంది. ఏ మార్పుకైనా ముందు ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఇది నచ్చకపోతే వెనక్కి ఎలా రావాలి?

జవాబు ఒక వాక్యంలో చెప్పగలిగితే ఇక ఆలోచించను, చేసేస్తాను. కొత్త వంట, కొత్త దారి, ఇంట్లో బల్ల జరపడం, ఫోనులో అక్షరాలు పెద్దవి చేయడం, ఇలాంటివాటి మీద గంటలు గంటలు తర్జనభర్జన పడేవాళ్లను చూస్తే జాలేస్తుంది. నచ్చకపోతే రేపే మార్చుకోవచ్చు కదా.

జవాబు ఉంది గానీ దానికి కాస్త ఏర్పాటు కావాలంటే, ముందు ఆ ఏర్పాటు చేస్తాను. బ్యాంకులో ఫోన్ నంబర్ మార్చాలనుకోండి. కొత్త నంబరుకు ఓటీపీ వచ్చిందని కళ్లారా చూసేదాకా పాత సిమ్ పారేయకూడదు. ఉద్యోగం మారాలనుకోండి. కొత్త చోటి నుంచి కాగితం చేతికొచ్చాకే పాతచోట కాగితం ఇవ్వాలి. ఇవి పెద్దలు చెప్పే జాగ్రత్తలే. మార్పును ఆపమని వీటికి అర్థం చెప్పుకుంటాం మనం. మార్పును నిబ్బరంగా చేయమని అసలు అర్థం.

జవాబు లేనివి కొన్ని ఉంటాయి. అన్న మాట, పెట్టిన సంతకం, అమ్మిన పొలం. వీటికి నార్మల్ అనే ఆదేశం లేదు. అక్కడ మాత్రం ఆగాలి. నలుగురిని అడగాలి, ఒక రాత్రి నిద్రపోయి లేచి మళ్లీ చూడాలి. చిక్కేమిటంటే మనం చాలాసార్లు అటుదిటు చేస్తాం. బల్ల జరపడానికి వారం ఆలోచిస్తాం. మాట జారడానికి క్షణం కూడా ఆలోచించం.

“ప్రతిదానికీ తిరుగుదారి చూసుకుంటూ కూర్చుంటే పనులెప్పుడవుతాయి?” అని మీరు అడగొచ్చు. ఆ రాత్రి నాకు కావాల్సిన తిరుగుదారి ఒక వాక్యం. రాసుకోవడానికి పావు నిమిషం. అది రాసుకోనందుకు ముప్పై పేజీలు మళ్లీ దిద్దాను, తెల్లవారుజామున నాలుగింటిదాకా.

ఈ వారం సాధన

మొదటి రోజు: నాలుగు తిరుగుదారుల్నీ మీ చేతిరాతతో ఒక చీటీ మీద రాసి, కీబోర్డు పక్కన అతికించండి.

రెండో రోజు: ఫైళ్లన్నీ సేవ్ చేసి, సెట్టింగ్స్‌లో తెరను తలకిందులు చేయండి. ఏమీ నొక్కకుండా పాత స్థితికి వచ్చేదాకా కూర్చోండి. ఆ కాసేపట్లో మీ చెయ్యి ఎన్నిసార్లు ముందుకు కదిలిందో గమనించండి. మీ కంగారు కొలత అదే.

మూడో రోజు: మౌస్ తగిలించి, తెరను నిలువుగా తిప్పి, ఒక పీడీఎఫ్ పేజీ మొదటి నుంచి చివరిదాకా జరపకుండా చదవండి. తర్వాత మీ అంతట మీరే తిన్నగా మార్చండి.

నాలుగో రోజు: ఇంట్లో కంప్యూటరంటే బెదిరేవాళ్లు ఒకరిని కూర్చోబెట్టి ఇదంతా నేర్పండి. తిప్పడం కన్నా ముందు తిరిగి రావడం నేర్పండి. వాళ్ల భయం ఎక్కడ పోతుందో ముఖంలోనే కనపడుతుంది.

ఐదో రోజు: మీరు ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్న మార్పు ఒకటి కాగితం మీద రాయండి. దాని కింద, నచ్చకపోతే వెనక్కి ఎలా వస్తారో రాయండి. రెండో వాక్యం తేలిగ్గా రాయగలిగితే ఆరో రోజు దాకా ఆగొద్దు.

ఈ అధ్యాయం ప్రూఫులు నేను నిలువు తెర మీదే దిద్దాను. చీటీ ఇప్పటికీ కీబోర్డు పక్కనే ఉంది. దాని అవసరం పడి చాలా రోజులైంది, అయినా తీయలేదు. మీరూ అతికించుకోండి, ఆ తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు తిప్పండి.